ఇరవై సరిపోతాయి

నేయ్‌వాన్ స్టేషన్‌లో రైలుకింకా పాతిక నిమిషాలుంది. చెక్కబల్ల మీద ఈ చివర రూయీ, ఆ చివర ఫాన్, ఇద్దరి మధ్యా ఫాన్ భార్య కట్టిచ్చిన అన్నం పొట్లాల సంచి. సంచిలోంచి ఆకు వాసన వెచ్చగా వస్తోంది. ఫాన్ తెల్లచొక్కాకి మెడ దగ్గరి గుండీ కూడా పెట్టుకున్నాడు, అది గొంతుని నొక్కుతోంది, మింగినప్పుడల్లా తెలుస్తోంది, విప్పుకోండి అన్నా అని చెప్పాలనిపించింది రూయీకి, చెప్పడానికి తనెవరు, పొద్దున తొమ్మిదింటిదాకా ఈ మనిషికి తన మొహమే తెలియదు. తనకి మాత్రం ఎనిమిదేళ్లుగా అతని పేరు తెలుసు, ఊరు తెలుసు, భార్య చేతిరాత తెలుసు, అతను నడిపిన బస్సు నంబరు తెలుసు, ఆ బస్సు అద్దానికి తగిలించిన కెమెరాలో గోరంత మెమరీ కార్డు ఉండేదే, దాని లోపల ఏమేం ఎప్పుడు పాడయ్యాయో వరసగా చెప్పమంటే ఇప్పుడు కూడా చెప్పగలదు. ఇంత తెలిసిన మనిషి దగ్గరికి రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. షిన్‌జూ నుంచి ఇక్కడికి రైల్లో గంట.

పొద్దున ఆమె వెళ్లేసరికి ఫాన్ వాకిట్లో పీట వేసుకుని ఆకుల్లో జిగురు బియ్యం పెట్టి దారంతో కడుతున్నాడు. కట్టినవి గుత్తులు గుత్తులుగా వెదురు కర్రకి వేలాడుతున్నాయి. రైల్లో వల్లెవేసుకుంటూ వచ్చిన మాటల్లో సగం గుమ్మంలోనే ఎగిరిపోయాయి. "ఫాన్ అన్నా, నేను ఆ కార్డు చేసిన కంపెనీలో ఇంజినీర్ని. మీరు కార్డు మార్చలేదు. దానికి సాక్ష్యం నా దగ్గరుంది," అంది, అంతే, ఊపిరాడకుండా. అతను దారాన్ని పళ్లతో పట్టుకుని ముడి బిగించాక తలెత్తాడు. "మార్చలేదని నాకు తెలుసు కదమ్మా," అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపమంతా అతని భార్యతో పాటు వంటింట్లోంచి తడిచేతులతో వచ్చింది. "మూడు ఉత్తరాలు రాశాను తల్లీ! చదవడానికి పనికిరాకపోయినా పర్లేదు, మా కార్డు మాకు పంపించండి అని మొత్తుకున్నాను. మీ ఆఫీసులో కళ్లున్నవాళ్లు లేరా, చేతులు పడిపోయాయా?" చదివాను వదినా, అని రూయీ అనలేకపోయింది. మూడూ చదివింది. మూడోది నీలం ఇంకుతో, అక్షరం అక్షరం ఆగి రాసినది, 'ఇంజినీరు గారికి నమస్కారం' అని మొదలైంది, ఏ ఇంజినీరో ఆవిడకేం తెలుసు, అయినా సరిగ్గా తనకే రాసినట్టుంది. తీసుకెళ్లి సొరుగులో అడుగున పెట్టింది, మిగతా రెండింటి పక్కన. ఆ సొరుగు తాళంచెవి ఇంటి తాళంచెవుల గుత్తికే ఉండేది, రోజూ తలుపు తీసేటప్పుడు వేళ్లకి తగిలేది.

మార్చేశాడు. ఆ మాటే ఫాన్‌ని జూదోంగ్ ఊళ్లోంచి ఇంత పైకి, రైలు ఆగిపోయే చోటికి, భార్య పుట్టింటికి తరిమింది. నాలుగు రోడ్ల కూడలిలో బస్సు ఎడమకి తిప్పుతుంటే స్కూటరు మీద వచ్చిన అమ్మాయి వెనక చక్రం కింద పడింది. పేరు జియామన్. నర్సు చదువు రెండో ఏడు, పంతొమ్మిదేళ్లు. సిగ్నల్ ఎవరికి పచ్చగా ఉందో బస్సు కెమెరా చెప్తుందని అందరూ అనుకున్నారు, ఫాన్ మరీ అనుకున్నాడు, పోలీసులు రాకముందే కెమెరా వైపు వేలు చూపించి దాన్ని తీయండి, దాన్ని తీయండి అని అరిచాడట. తీశారు. కార్డులో ఆఖరి బొమ్మ ఇరవై మూడు రోజుల నాటిది. ఆ తర్వాత ఏమీ లేదు. అసలు కార్డు జేబులో వేసుకుని పాత కార్డు పెట్టాడు అని కూడలిలోనే ఎవరో అన్నారు, సాయంత్రానికి ఊరంతా అన్నది, కోర్టులో ఆ పిల్ల తల్లి బల్ల మీదికి వంగి, "నా కూతురి బొమ్మ ఎక్కడ దాచావురా?" అని అడిగింది. అప్పుడు కోర్టువాళ్లు కార్డుని కంపెనీకి పంపించారు, పరీక్షించి చెప్పమని. కంపెనీ నుంచి ఒక పేజీ జవాబు వెళ్లింది. 'కార్డులో తయారీ లోపమేదీ కనిపించలేదు.' కింద సంతకం, పెంగ్ రూయీ. అందులో ఒక్క అబద్ధం లేదు. అందుకే కదా ఆ సంతకం పెట్టగలిగింది. కార్డు బాగానే ఉంటే మార్చింది ఇతనే అన్నమాట అని చదివినవాళ్లంతా అనుకుంటారని ఆ క్షణంలో తెలియదా అంటే, తెలుసు. పది నెలల శిక్ష, జైలుకి పంపకుండా షరతు మీద వదిలారు, లైసెన్సు పోయింది, ఉద్యోగం పోయింది, ముప్పై ఏళ్లు ఒక్క గీత పడకుండా బండి నడిపిన మనిషి.

రెండు పెట్టెల రైలు వచ్చి ఆగింది. ఎక్కి ఎదురెదురుగా కూర్చున్నారు, వారం మధ్య కాబట్టి పెట్టెలో ఇంకో ఇద్దరు ముసలమ్మలు తప్ప ఎవరూ లేరు. వాళ్లు హక్కా భాషలో ఎవరి కోడలినో ఆడిపోసుకుంటున్నారు, చిన్నప్పుడు అమ్మ ఇలాగే మాట్లాడేది, రూయీకి ఇప్పుడు ఆ మాట అర్థమవుతుంది కానీ నోరు తిరగదు. ఈ రైలెక్కింది అతని మాట మీదే. వాకిట్లో కాగితాలు చాపితే అతను ముట్టుకోలేదు, ముందు ఒక్కటే అడిగాడు, "ఆ రోజు బొమ్మ ఉందా ఎక్కడైనా, ఏ మూలైనా?" లేదంది. కాసేపు చేతిలోని ఆకుని అటూ ఇటూ తిప్పాడు. "అయితే ఇది నాకెందుకు? ఆ పిల్ల తల్లికి చూపించాలి. పద, నేనూ వస్తా," అని లేచాడు, భార్య అడ్డం నిలబడింది, "శవం ఇంట్లో ఉండగా దణ్ణం పెట్టడానికి వెళ్తే బకెట్టు నీళ్లు నీ నెత్తిన కుమ్మరించింది, మర్చిపోయావా, సిగ్గులేదా నీకు?" అని కేకలేసింది, కేకలేస్తూనే లోపలికెళ్లి ఇస్త్రీ చొక్కా తెచ్చింది, పొట్లాలు సంచిలో వేసింది.

ఏరు కిటికీకి ఒక పక్కనుంచి రెండో పక్కకి మారింది. పట్టాల పక్క తెల్లపూలు రాలి తడిసి అంటుకుపోయి ఉన్నాయి. "ఇంజినీరమ్మా," అన్నాడు ఫాన్ ఉన్నట్టుండి, "అసలు దానికేమైంది? కోర్టులో అందరూ మాట్లాడారు గానీ నాకర్థమయ్యేట్టు ఒక్కడూ చెప్పలేదు." ఎక్కడ మొదలుపెట్టాలి. కార్డు లోపల చిప్పు ఉంటుంది, చిప్పులో వేల కొద్దీ గదులుంటాయి, బ్లాకులంటాం. రాసి చెరిపి రాసి చెరిపి అవి అరిగిపోతాయి. ఒకటి అరిగిపోగానే కార్డు తనంతట తానే దాన్ని పక్కన పెట్టి, ముందే దాచిపెట్టుకున్న స్పేరు బ్లాకుల్లోంచి ఒకటి తీసి వాడుకుంటుంది, బయటివాళ్లకి తెలియనే తెలియదు. "ఓహో, బస్సుకి స్టెప్నీలాగా," అన్నాడు. అవునంది. "మరి స్టెప్నీలు అయిపోతే?" అయిపోతే, ఉన్న బొమ్మలైనా పోకుండా కార్డు తలుపులు మూసేసుకుంటుంది. పాతవి చూపిస్తుంది, కొత్తది ఒక్కటీ రాయనివ్వదు. "మరి కెమెరా లైటు వెలుగుతూనే ఉందే! రోజూ బండెక్కగానే చూసుకునేవాణ్ణి, ఎర్రగా ఆరి వెలుగుతూనే ఉండేది." కెమెరా పంపిస్తూనే ఉంటుంది అన్నా, కార్డు పుచ్చుకుందో లేదో ఆ కెమెరా చూసుకోదు. ఫాన్ తల పంకించాడు. తర్వాత తనలో తను నవ్వుకున్నట్టు, "స్టెప్నీ లేని బండిని డిపో గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు నేను. మేనేజరొచ్చినా సరే. అడుగు ఎవర్నైనా," అన్నాడు.

నలభై ఉండేవి. వెయ్యి బ్లాకులకి నలభై స్పేరు. అది గూ మాస్టారు పెట్టిన లెక్క, రూయీ ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉన్నది. ఆయన కార్డుల్ని వేడిపెట్టెలో పెట్టి చచ్చేదాకా రాయించేవారు, ఒక్కో కార్డు ఎన్ని గంటలకి పోయిందో గోడకున్న బోర్డు మీద సుద్దతో వేసేవారు, పొద్దున్నే వచ్చి, రాత్రి ముగ్గురు పోయారమ్మా, అనేవారు, మనుషుల్ని గురించి చెప్పినట్టు. ఇరవై నాలుగేళ్ల పిల్లగా ఆయన పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకుంది. ఆ ఏడాది కంపెనీ తక్కువ రకం చిప్పులు కొన్నది, వాటిలో ఫ్యాక్టరీనుంచే పాడై వచ్చిన బ్లాకులు ఎక్కువ, వాటిని తీసేసి పైగా నలభై స్పేరు పక్కన పెడితే పెట్టె మీద అచ్చు వేసిన సైజు రాదు. ఇరవై చేద్దాం అన్నాడు డైరెక్టరు. ఫొటోలు తీసుకునేవాళ్లకైతే సరే, రోజుకి పద్నాలుగు గంటలు రాసే బస్సు కెమెరాలకి చాలవు, అన్నారు మాస్టారు. గదిలో పన్నెండుమంది. డైరెక్టరు కుర్చీ ఇటు తిప్పాడు. "రూయీ, పరీక్షలు చేసింది నువ్వే కదా. నువ్వు చెప్పు. ఇరవై సరిపోతాయా?" ఆ నెలలోనే ఆమెని జట్టుకి పెద్దని చేయబోతున్నారు, ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. మాస్టారు ఆమె వైపు చూడలేదు, తన టీకప్పు మూతని సరిచేసుకుంటున్నారు, ఆమె ఏం చెప్తుందో ఆయనకి అనుమానమే లేదు, అంత నమ్మకం. "సరిపోతాయి," అంది రూయీ. మామూలు వాడకానికి, అని కూడా అంది, చాలా చిన్నగా. మీటింగు కాగితంలో మొదటి మాట ఒక్కటే ఎక్కింది. తర్వాత మంచినీళ్ల మిషను దగ్గర ఆయన ఎదురుపడి, "నీ లెక్క తప్పు కాదులే. ఎవరికోసం వేశావో అది ఒక్కసారి చూసుకో," అన్నారు. అరవలేదు. అరిచి ఉంటే తిరిగి అరిచేది, గొడవయ్యేది, ఏదో ఒకటి తేలేది. ఆరు నెలలకి ఆయన దక్షిణాదిలో ఇంకో కంపెనీకి వెళ్లిపోయారు.

హెషింగ్‌లో ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు. తలుపులు తెరుచుకుని చల్లగాలి లోపలికొచ్చింది. రెండేళ్ల తర్వాత ఆ కార్డు ప్లాస్టిక్ సంచిలో తన బల్ల మీదికి వచ్చిన రోజు కూడా చల్లగానే ఉంది, స్వెట్టరు వేసుకుంది, ఎందుకో అది గుర్తుంది. కార్డు లోపలి చిట్టా తెరవడానికి మూడు నిమిషాలు. మిగిలిన స్పేరు బ్లాకులు, సున్నా. కిందికి వస్తే, తలుపులు మూసుకున్నాక కూడా కార్డుకి కరెంటు అందిన లెక్క ఉంది. నలభై ఆరు సార్లు. ఇరవై మూడు రోజులు, రోజుకి రెండు డ్యూటీలు, పొద్దున ఒకసారి బండి తీస్తే, మధ్యాహ్నం ఒకసారి. అంటే కార్డు బస్సులోనే ఉంది. ఎవరూ తీయలేదు, ఎవరూ మార్చలేదు. ఆ సంఖ్య చూసి ఆమె లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చి మళ్లీ చూసింది, నలభై ఆరే. డైరెక్టరు గదికి పట్టుకెళ్లింది. అంతవరకైతే వెళ్లింది, అది కాదనడానికి లేదు. ఆయన చదివి, కళ్లజోడు తీసి, "వాళ్లు అడిగింది తయారీ లోపం ఉందా అని. ఉందా?" అన్నాడు. లేదు. "అడిగినదానికి జవాబివ్వు, చాలు. స్పేరు సంగతి ఎత్తితే ఇరవై ఎవరు చెప్పారని అడుగుతారు. నీకే ఇబ్బంది." నాకే ఇబ్బంది. ఆ మాటని ఇంటికి తీసుకెళ్లింది, దాన్ని పక్కన పెట్టుకునే పడుకుంది, పొద్దున లేచి ఒక పేజీ టైపు చేసింది.

"ఇరవై చాలని చెప్పింది నేనే అన్నా," అంది రూయీ.

ఎప్పుడు నోరు తెరిచిందో ఆమెకే తెలియదు. వాకిట్లో చెప్పకుండా మిగిలిపోయిన సగంలో ఇదొకటి. ఫాన్ కిటికీలోంచి మొహం తిప్పాడు. మీటింగు, మాస్టారు, చిట్టాలో కనిపించినది, ఒక పేజీ కాగితం, అన్నీ చెప్పింది, ఒకటి దాచబోయి మళ్లీ చెప్పింది. అతను తిట్టాలి, అతను తిడితే ఎంత బాగుండును. "ఆ పిల్ల పడింది నా బండి కిందమ్మా," అన్నాడు ఫాన్ చివరికి. "నీ కార్డు కింద కాదు. అది నాది. దాన్ని నువ్వు మోస్తానంటే నేనివ్వను." సంచిని ఒళ్లోకి లాక్కుని, "దొంగ అనిపించుకున్నానే, అది మాత్రం నీది," అన్నాడు. ముసలమ్మలు మాటలాపి ఇటు చూశారు, మళ్లీ కోడలి దగ్గరికి వెళ్లారు. అది మాత్రం నీది. అవును. ఎవరో బరువు తూచి ఇచ్చినట్టు ఇచ్చాడు, ఎక్కువా లేదు, తక్కువా లేదు, ఎనిమిదేళ్లుగా తను అన్నీ కలిపి ముద్దచేసి, అంతా నా తప్పే అని మనసులో ఏడ్చుకుంటూ, ఆ ఏడుపు కిందే ఈ చిన్న పనిని, రైలెక్కి వచ్చి చెప్పాల్సిన ఈ ఒక్క పనిని ఎంత బాగా దాచుకుంది.

మాస్టారు ఫోన్ చేశారు ఒకసారి. కోర్టు వార్తతో పేపర్లో ఫాన్ బొమ్మ పడిన వారం. "రూయీ, ఆ బస్సులోది మన కార్డేనా?" తెలీదు మాస్టారూ, అంది, సంతకం పెట్టి నాలుగు రోజులైంది అప్పటికి. "తెలుసుకుని చెప్తావా?" చెప్తానంది. ఆయన మళ్లీ చేయలేదు. ప్రతి కొత్త సంవత్సరానికీ శుభాకాంక్షలు రాసి పంపబోయి ఆగేది, అది పంపితే ఇదీ చెప్పాలి. పోయిన చలికాలం ఆయన పోయారని పాత జట్టువాళ్ల ఫోన్ గుంపులో రెండు వాక్యాలు వచ్చాయి, కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు, ఆమె కూడా పెట్టింది, పెట్టి సొరుగు తాళం తీసింది. పదకొండు పేజీల రిపోర్టు, ఈసారి ఎవరూ అడగలేదు, తన పేరు మీదే రాసింది, ఒక ప్రతి వకీలుకి ఇచ్చింది, రాజీనామా డైరెక్టరు బల్ల మీద పెట్టింది. ఆయన ఇప్పటికీ చదవగానే కళ్లజోడు తీస్తాడు. కంపెనీవాళ్లు కేసు వేస్తామన్నారు, వేస్తారేమో. ఆ భయం ఇన్నేళ్లు ఎంత పెద్దగా కనిపించింది, ఇప్పుడు వెతికితే దొరకడం లేదు. మాస్టారికి మాత్రం ఏ రైలెక్కి వెళ్లి చెప్పాలి.

జూదోంగ్‌లో దిగారు. మార్కెట్ సందులో ఎండుచేపల అంగడి దాటాక బట్టలు సరిచేసే చిన్న కొట్టు, మిషను ముందు పొట్టిజుట్టు ఆవిడ, జియామన్ తల్లి, ప్యాంటు అంచు మడుస్తోంది. ఫాన్ సంచిని రెండు చేతులతో పట్టుకుని గుమ్మం బయటే ఆగిపోయాడు. ఆవిడ తలెత్తి చూసింది. ఎవరో గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు, మిషను ఆగిపోయింది. రూయీ ముందుకొచ్చి తన పేరు చెప్పింది, ఎక్కడ పనిచేసేదో చెప్పింది, ఆ ఒక్క పేజీ కాగితం రాసింది తనేనని చెప్పింది. ఇరవై గురించి చెప్పింది. రిపోర్టులో ఆ పేజీ తెరిచి సంఖ్య చూపించింది, ఇన్నిసార్లు ఈ కార్డుకి కరెంటు అందిందమ్మా, ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ దాకా, అంటే బస్సులో ఉన్నది ఇదే, ఈయన దేన్నీ మార్చలేదు. ఆవిడ సంఖ్య మీద వేలు పెట్టి చూసింది. ఆవిడ మొహం తేలికపడుతుందనో, మండిపడుతుందనో రూయీ అనుకుంది. రెండూ కాలేదు.

"అయితే ఇంకో కార్డు లేదా?" అందావిడ.

"లేదండీ."

"ఎక్కడా?"

"లేదు. ఆ రోజు ఏదీ రికార్డు కాలేదు."

"ఉందనుకున్నాను," అందావిడ. ఫాన్ వైపు చూస్తూ అంది. "నీ ఇంట్లో ఏ పెట్టె అడుగునో ఉంటుందనుకున్నాను. ముసలాడివైపోయాక, చచ్చేముందైనా, మనసొప్పక తెచ్చిస్తావని. సిగ్నలు నాకక్కర్లేదయ్యా. దాన్ని చూడాలి. రోడ్డు మీదికి ఎలా వచ్చింది, మొహం ఎలా ఉంది, చివర్న ఎటు చూసింది, అది చూద్దామని ఎనిమిదేళ్లు నువ్వు బాగుండాలని, చావకూడదని మొక్కుకున్నాను. నిన్ను తిడుతూనే మొక్కుకున్నాను." రూయీ ఫాన్ గురించే ఆలోచించింది, ఎనిమిదేళ్లు అతని పేరు, అతని ఉద్యోగం, అతని మీద పడ్డ మాట. ఇక్కడ ఒక తల్లి లేని బొమ్మ కోసం ఎదురుచూస్తోందని, తను టైపు చేసిన ఒక్క వాక్యమే ఆవిడని అలా ఎదురుచూసేలా చేస్తోందని ఒక్కసారైనా తట్టలేదు. ఆ వారమే చెప్పి ఉంటే ఆవిడ ఆ వారమే ఏడ్చి ఉండేది.

ఆవిడ లేచి షట్టరు సగందాకా దించింది. కొట్టు లోపల మసకైంది. ఒక స్టూలు ఫాన్ ముందుకి తోసింది. "కూర్చో," అంది. "చూసినవాడివి నువ్వొక్కడివే ఇంక. మొదట్నుంచీ చెప్పు, ఒక్కటీ వదలకు."

ఫాన్ కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "వాన పడుతోంది," అన్నాడు. ఆగాడు. నుదురు ముడతలు పడింది, కళ్లు నేల మీద దేనికోసమో తడుముకున్నాయి. "లేదు, అప్పటికి వెలిసింది." మళ్లీ ఆగాడు. "వెలిసిందనే అనుకుంటా." ఆవిడ ముందుకి వంగి వింటోంది. అతను ఎరుపు హెల్మెట్ అన్నాడు, కాదేమో అన్నాడు, కళ్లు మూసుకున్నాడు. గోడకి ఆనుకుని నిలబడ్డ రూయీ ఆ 'అనుకుంటా'నే వింటూ ఉండిపోయింది. ఎనిమిదేళ్ల కిందటైతే ఈ మనిషి ఆ మాట లేకుండా చెప్పి ఉండేవాడు.